శాలువా కాదు, సుద్దముక్క ఇవ్వండి

ఎం.ఏ. ఎకనామిక్స్ చదివిన వాళ్ళెవరినైనా కదిపి చూడండి. ఏ పేపరు నిద్ర పట్టనివ్వలేదని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే మాట ఎకనామెట్రిక్స్. అంకెలతో ఆర్థికశాస్త్రాన్ని నిగ్గు తేల్చే విద్య అది. ఆ పేపరు గట్టెక్కడానికి రెండు పుస్తకాలను నమ్ముకున్నామని కూడా చెబుతారు. ‘గుజరాతీ చదివావా, మద్దాల చూశావా’ అని హాస్టలు గదుల్లో మాట్లాడుకుంటుంటే పక్క గది కుర్రాడికి ఏమీ అర్థం కాదు. గుజరాతీ అంటే దామోదర్ గుజరాతీ. మద్దాల అంటే జి.ఎస్. మద్దాల. ఇద్దరూ బొంబాయి విశ్వవిద్యాలయంలో చదివి, షికాగోలో పిహెచ్.డి. చేసి, అమెరికాలో పాఠాలు చెప్పినవాళ్ళే. మద్దాల బొంబాయి వెళ్ళకముందు చదివింది మాత్రం మన దగ్గరే. 1955లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు.

అదే విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారికి 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వస్తే తెలుగు పత్రికలు గొప్పగా చెప్పుకున్నాయి. బాగుంది. మద్దాల పేరు మాత్రం పరీక్ష రాసిన విద్యార్థుల దగ్గరే ఆగిపోయింది. పుస్తకం అట్ట మీద పేరు చూసి కూడా ఆయన ఎక్కడివాడో ఆరా తీసినవాళ్ళు తక్కువ.

ఆయన జీవితంలో కథ కట్టడానికి పెద్దగా మలుపులు లేవు. 1957లో బొంబాయిలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. ఆ తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద షికాగో, 1963లో డాక్టరేటు. బొగ్గు గనుల్లో ఉత్పాదకత ఎలా పెరిగిందన్నది ఆయన తొలి పరిశోధనల్లో ఒకటి. స్టాన్‌ఫర్డ్‌లో నాలుగేళ్ళు, రోచెస్టర్‌లో ఎనిమిదేళ్ళు, ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ళు పనిచేసి, 1993లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి మారారు. అక్కడ ఉండగానే 1999 జూన్‌లో, 66వ ఏట కన్నుమూశారు. పాఠం, పరిశోధన పత్రం, పుస్తకం. బయోడేటా అంతా ఈ మూడింటిలో ఇమిడిపోతుంది.

మరి అంత చెప్పుకోవలసింది ఆయన పాఠంలో ఏముంది? మన ఊరి లెక్కతోనే చూద్దాం.

ఎరువుల కొరత వచ్చిన ఖరీఫ్‌లో సొసైటీ గోదాం ముందు ఏం జరుగుతుందో పేపర్లలో ఫొటోలు చూసే ఉంటారు. తెల్లవారకముందే చెప్పుల జతలు, పాస్‌బుక్ జిరాక్సులు, వాటి మీద రాళ్ళు. మనిషికి ఇన్ని బస్తాలని కోటా. లారీ దిగిన సరుకు మధ్యాహ్నానికి అయిపోతుంది. వరుసలో చివరనున్న రైతు వట్టి చేతులతో ఇంటి దారి పడతాడు. మర్నాడు పై ఆఫీసుకు రిపోర్టు వెళుతుంది: ఇన్ని బస్తాల యూరియా అమ్ముడైంది అని. ఆ అంకెనే ఈ మండలం అవసరం కింద రాసుకుని వచ్చే ఏడాదికి ఇండెంటు పెడితే ఏమవుతుంది? మళ్ళీ అదే వరుస, అవే చెప్పులు. ఎందుకంటే రిజిస్టరులో పడ్డది రైతు అడిగినంత కాదు, గోదాములో ఉన్నంత.

యూరియా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కాబట్టి గిరాకీ ఎంత పెరిగినా బస్తా మీద ఆ సంగతి కనిపించదు. సరుకు తక్కువైన రోజున రిజిస్టరులో పడేది సరఫరా, సరుకు మిగిలిపోయిన రోజున పడేది గిరాకీ. ఏ రోజుది ఏదో రిజిస్టరు చెప్పదు. అలాంటి అంకెల నుంచి గిరాకీని, సరఫరాను వేరు చేసి అంచనా కట్టే పద్ధతి మీద మద్దాల, ఫారెస్ట్ నెల్సన్ కలిసి 1974లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో ఒక పత్రం రాశారు. ఆ పత్రంలో యూరియా లేదు. కానీ ధర కదలని ప్రతి బజారుకూ ఆ లెక్క వర్తిస్తుంది.

ఇంకొకటి. కూలి రేట్ల సర్వేలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళ కూలే నమోదవుతుంది. గిట్టుబాటు కాక ఇంట్లో ఉండిపోయిన మనిషి గడి ఖాళీ. ఖాళీ గడులన్నీ కొట్టేసి సగటు కడితే, ఊళ్ళో ఆడవాళ్ళకు దొరికే కూలి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంది. అలాగే అప్పు తీసుకున్నారా లేదా, పిల్లను బడి మాన్పించారా లేదా అనే ప్రశ్నలకు జవాబు అవును, కాదు అనే రెండు మాటల్లోనే వస్తుంది. అంకెల మధ్య సంబంధాన్ని చూపే మామూలు రిగ్రెషన్ గీత ఇలాంటి చోట సరిపోదు. అవును-కాదు జవాబులు, ఖాళీ గడులు, సున్నాల గుంపులు... వీటిని ఎలా పట్టుకోవాలో అంతకుముందు వేర్వేరు పత్రికల్లో వేర్వేరు మనుషులు రాశారు. జేమ్స్ టోబిన్ 1958లోనే ఒక దారి వేశారు. అన్నిటినీ తన సొంత పనితో కలిపి ఒక్కచోట కూర్చి, 1983లో ‘లిమిటెడ్-డిపెండెంట్ అండ్ క్వాలిటేటివ్ వేరియబుల్స్ ఇన్ ఎకనామెట్రిక్స్’ పేరిట పుస్తకం చేసింది మద్దాల. ఈ శాఖలో పరిశోధన చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికి వెళుతూనే ఉన్నారు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 2000లో, ఇవే విషయాల మీద పనిచేసిన జేమ్స్ హెక్‌మన్, డేనియల్ మెక్‌ఫాడెన్‌లకు నోబెల్ వచ్చింది.

1988లో ఆయన తెచ్చిన ‘ఇంట్రడక్షన్ టు ఎకనామెట్రిక్స్’ మన కుర్రాళ్ళ చేతుల్లో నలిగిన పుస్తకం. లెక్క వచ్చినవాడు లెక్కను చూపించుకోవాలని చూస్తాడు. ఈయన మేట్రిక్స్ గొడవను అనుబంధాల్లోకి నెట్టి, అసలు పాఠంలో చిన్న చిన్న ఉదాహరణలు పెట్టారు. మన దగ్గర ఇప్పుడు దీనికి తలకిందుల వ్యవహారం నడుస్తోంది. సాఫ్ట్‌వేరులో అంకెలు పోసి మీట నొక్కితే పట్టిక వస్తుంది. ఫలితం కాకతాళీయం కాదనడానికి చూసే పి-విలువ 0.05 కంటే తగ్గితే పక్కన చుక్క గుర్తు, చుక్క పడితే థీసిస్. ఆ అంకె గోదాములో ఉన్నంతా, రైతు అడిగినంతా అని అడిగేవాడు గైడూ కాడు, విద్యార్థీ కాడు.

గైడును ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీ. ఉన్నవాళ్ళలో చాలామంది కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు. వచ్చే నెల జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషిని కొత్త పద్ధతులు నేర్చుకుని చెప్పమనడానికి మనకు నోరెలా వస్తుంది? డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఎం.ఏ.లో ఒక్కసారిగా ఇంగ్లిషు ఎకనామెట్రిక్స్‌లో పడుతుంది. లెక్క రాక కాదు, వాక్యం అందక ఆ పిల్ల వెనకబడుతుంది.

ఇంకో పక్క, విదేశాల్లో ఆర్థికశాస్త్రం, స్టాటిస్టిక్స్ చెబుతున్న తెలుగువాళ్ళు ఎంతోమంది. సెలవులకు వస్తారు. తాము చదివిన కాలేజీకి వెళ్ళాలని వాళ్ళకూ ఉంటుంది. వెళితే జరిగేది మనకు తెలిసిందే. వేదిక, జ్యోతి ప్రజ్వలన, పూలగుత్తి, శాలువా, జ్ఞాపిక. పెద్దలందరి ప్రసంగాలూ అయ్యాక అతిథికి మిగిలేది కాస్త సమయం. అందులో ఆయన ‘మీరూ కష్టపడితే పైకి వస్తారు’ అంటారు. పిల్లలు చప్పట్లు కొడతారు. గ్రూప్ ఫొటో, భోజనం, కారు. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న మనిషిని పిలిచి పాఠం తప్ప అన్నీ చేయించుకోవడం మన ప్రత్యేకత.

విదేశంలో చెప్పిన పాఠం ఇక్కడికి రావాలంటే మనిషి అక్కడి ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. ఇక్కడి ఉద్యోగంలో ఉంటూ అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు ఉన్నారు కదా. అమర్త్య సేన్ 1963 నుంచి 1971 దాకా ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేశారు. ఆ మధ్యలోనే బర్క్‌లీకి, హార్వర్డ్‌కు వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చారు. ఆయన పేరు నిలబెట్టిన ‘కలెక్టివ్ ఛాయిస్ అండ్ సోషల్ వెల్ఫేర్’ 1970లో, ఢిల్లీలో ఉండగానే వెలువడింది. ఆ దశాబ్దంలో అదే సంస్థలో కె.ఎన్. రాజ్, జగదీశ్ భగవతి, సుఖమయ్ చక్రవర్తి, మన్మోహన్ సింగ్ పాఠాలు చెప్పారు. అక్కడ రాకపోకలకు తలుపు తెరిచి ఉంచారు.

కేంద్రం 2015లో ‘జ్ఞాన్’ పథకం మొదలుపెట్టింది. విదేశీ అధ్యాపకులు ఇక్కడికి వచ్చి వారం, రెండు వారాలు కోర్సు చెబుతారు. మంచి పథకమే. కానీ దాని ఫలం ఎక్కువగా ఐఐటీలు, ఎన్ఐటీల వంటి పెద్ద సంస్థల గడప దగ్గరే ఆగిపోయింది. జిల్లా కేంద్రంలోని వర్సిటీకి, అక్కడి ఎం.ఏ. తరగతికి అది పెద్దగా చేరలేదు.

డబ్బుల్లేవని అధికారులు అంటారు. సన్మాన సభలకు దొరికే డబ్బు గెస్టు హౌసు గదికి, రానుపోను ఖర్చుకు దొరకదా? అమెరికాలో ప్రొఫెసర్లకు కొన్నేళ్ళకొకసారి చదువుకునేందుకు, రాసుకునేందుకు సెలవు ఇస్తారు. అందులో ఒక సెమిస్టరు మన దగ్గర గడపడానికి ఇష్టపడేవాళ్ళు ఉండకపోరు. అడిగే కాగితమే మన వైపు నుంచి వెళ్ళడం లేదు. అంకెలకూ కొదవ లేదు. జాతీయ సర్వేల కుటుంబ స్థాయి డేటాను కేంద్ర గణాంక శాఖ ఉచితంగానే ఇస్తోంది. ఇక్కడి అధ్యాపకుడు పక్కన కూర్చుంటే వచ్చినవాడు వెళ్ళిపోయాక కూడా కోర్సు నిలుస్తుంది. తెలుగు తెలిసిన ప్రొఫెసరైతే ఆ తెలుగు మీడియం పిల్లకు అసలు సంగతి తెలుగులోనే విప్పి చెప్పగలడు.

మద్దాల మన తరగతి గదుల్లోకి పుస్తకం రూపంలోనే వచ్చారు. ఇక ఆయనను పిలవలేం. పిలిస్తే పలికేవాళ్ళు మాత్రం ఈనాటికీ ఉన్నారు. వైస్ ఛాన్సలర్లకు, డిపార్ట్‌మెంటు హెడ్డులకు ఒక్క మనవి: ఈసారి ఊరికి వచ్చిన ప్రొఫెసరు గారిని సభకు పిలిచే ముందు టైమ్‌టేబుల్లో ఆయన పేరు రాయండి. రెండు వారాల పాఠం, ఒక డేటా ఫైలు, చివర్లో ఒక పరీక్ష. పిల్లలు ఆ పరీక్ష రాశాక, సన్మానం ఎంత ఘనంగా చేసినా ఎవరికీ అభ్యంతరం ఉండదు.