ముందు సీటు ఎవరిది?

"బండి ఎవరికండీ?" అని అడిగాడు షోరూములో కుర్రాడు. నాకేనన్నాను. వెంటనే స్కూటర్ల వైపు తీసుకెళ్ళాడు. అవి కాదు బాబూ, గేర్లున్న మోటారు సైకిలు కావాలన్నాను. "సార్‌కాండీ, అబ్బాయికాండీ?" అన్నాడు. మళ్ళీ నాకేనని చెప్పాక లోపలికెళ్ళి మేనేజరుని పిలుచుకొచ్చాడు. ఆయన ఎంతో మర్యాదగా, "సార్ని కూడా ఒకసారి తీసుకొచ్చి చూసుకోండి మేడమ్, తొందరేముంది" అన్నాడు.

నాకు 43 ఏళ్ళు. పదహారేళ్ళుగా స్త్రీల హక్కుల గురించి ఊరూరా తిరిగి మాట్లాడుతున్నాను. తిరగడమంటే ఎవరో మగ కార్యకర్త బండి తోలుతుంటే వెనక కూర్చుని తిరగడమే. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోయే నాలుగు వరసల జాతీయ రహదారి మా నల్లజర్ల మీదుగానే పోతుంది. దాని మీద కార్లకీ లారీలకీ లోటు లేదు. రోడ్డు దిగి పామాయిల్ తోటల్లోకి రెండు కిలోమీటర్లు వెళ్ళండి, బస్సుండదు. పొద్దుపోయాక ఆటో కూడా ఉండదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మేం తూర్పు గోదావరిలో పడ్డాం. పక్కనున్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి, ద్వారకా తిరుమల ఏలూరు జిల్లా. అత్తిల్లు ఒక చోటా పుట్టిల్లు ఇంకో చోటా ఉన్న మనిషి కాగితం పట్టుకుని రాజమండ్రి, భీమవరం, ఏలూరు అంటూ తిరగాలి. తిరగగలిగినవాళ్ళకే న్యాయమన్నమాట!

ఒక రాత్రి తొమ్మిదిన్నరకి ఒకామె ఫోన్ చేసింది. మొగుడు కొట్టి బయటికి గెంటేశాడు, చెయ్యి ఎత్తలేకపోతోంది. మా ఆఫీసులో అప్పటికి మూడు బండ్లున్నాయి. మూడూ మగ కార్యకర్తల ఇళ్ళ దగ్గరున్నాయి. ఒకాయన ఏలూరులో, ఒకాయన పెళ్ళిలో, మూడో ఆయన ఫోనెత్తలేదు. ఆటో దొరికి నేను అక్కడికి చేరేసరికి పన్నెండవుతోంది. ఆమె పశువుల పాకలో గడ్డి మీద కూర్చునుంది. ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసులో బండి అడిగాను. "మీకు తోలడం రాదు కదండీ" అన్నారు. నిజమే, రాదు. ఎందుకు రాదు? మా సంస్థ, పేరెందుకు లెండి, మీ సంస్థ కూడా ఇలాంటిదే అయ్యుంటుంది, ఉద్యోగ ప్రకటనలో "ద్విచక్ర వాహనం నడపగలిగి ఉండాలి" అని రాస్తుంది. స్త్రీలు అర్హులు కారని ఎక్కడా రాయదు. ఆ ఒక్క వాక్యం చాలు, ఫీల్డు ఉద్యోగాలు మగవాళ్ళకీ, రిజిస్టర్లు రాసే పని మనకీ పంపకం అయిపోతుంది. అదే సంస్థ ఏడాదికి రెండుసార్లు ఏసీ హాల్లో జెండర్ శిక్షణ పెట్టి పితృస్వామ్యం అంటే ఏమిటో చార్టు మీద బొమ్మ గీసి చూపిస్తుంది. బొమ్మ గీసే పని కూడా మనదే.

నా చీటీ డబ్బుతో 125 సీసీ బండి నేనే కొన్నాను. స్కూటర్ ఎందుకు కాదని చాలామంది అడిగారు. స్కూటర్ మీద నాకేం కోపం లేదు. దాని చక్రం 10, 12 అంగుళాలుంటుంది, మోటారు సైకిలు చక్రం 17, 18 అంగుళాలు. తోటల్లో వానాకాలం గుంటలో దిగిన చిన్న చక్రం ఎలా పైకొస్తుందో తోసినవాళ్ళకి తెలుసు. మగవాళ్ళు ఆ దారుల్లో పెద్ద చక్రం బండి తోలుతున్నది మీసం కోసం మాత్రమే కాదు. ఆఫీసులో ఉన్నవీ గేరు బండ్లే. రేపు నాకిస్తే తోలడం రావాలి కదా!

నేర్చుకున్నది తాడేపల్లిగూడెంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద. పట్నాల్లో కుర్రాళ్ళు డబ్బు కట్టి రేసు ట్రాకు మీద ఒక రోజంతా కొత్త బండిని మచ్చిక చేసుకుంటారట. మాకు ట్రాకంటే అదే. ఆదివారాలు తెల్లవారకముందే మా చెల్లెలి కొడుకు నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు, అక్కడ సీటు మారేవాళ్ళం. కొత్త ఇంజనుని మొదటి 500 కిలోమీటర్లు బలవంతంగా లాగకూడదు, ఒకే వేగం మీద పట్టుకుని ఉండకూడదు. ఆ నిదానం నాకూ సరిపోయింది. క్లచ్ సగం వదిలిన చోట బండి చిన్నగా వణికి ముందుకి కదలబోతుంది. ఆ చోటు ఎడమ చేతికి తెలియడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. "పెద్దమ్మా, చక్రం కేసి చూడకు, వెళ్ళే చోటు చూడు" అని వాడు వందసార్లు అనుంటాడు.

మార్నింగ్ వాక్‌కి వచ్చిన పెద్దమనుషులందరూ నాకు గురువులే. ఒక్కొక్కరూ ఆగి చెప్పే సలహా ఒకటే: "అమ్మా, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకండి, పల్టీ కొడతారు." ఇది తప్పు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. మెత్తగా, నిటారుగా ఉన్నప్పుడు, వెనక బ్రేకుతో కలిపి వాడాలి. 125 సీసీ దాకా కొత్త బండ్లకి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి నిబంధన కూడా పెట్టారు. వాళ్ళు నా మంచి కోరే చెప్పారు, కాదనను. కానీ ఆడదానికి ఏం నేర్పాలన్నా మొట్టమొదట భయమే నేర్పుతారు, ఆ భయం ఒక్కోసారి ప్రాణం మీదకి తెచ్చేది!

రెండుసార్లు పడ్డాను. 115 కిలోల పైనున్న బండిని ఆడది ఎత్తలేదన్నారు. ముందు ఇంజను ఆపి గేరులో ఉంచాలి. వెనక్కి తిరిగి నడుం సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్ళతో నేలని తొక్కుతూ నడిస్తే లేస్తుంది. నీళ్ళ బిందె ఎత్తే ఆడవాళ్ళకి బరువులెత్తడం గురించి కొత్తగా చెప్పాలా?

చట్టం కూడా చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం గేరు బండికీ గేరు లేని బండికీ లైసెన్సులు వేరు చేసింది, ఆడా మగా అని వేరు చెయ్యలేదు. 1989 కేంద్ర నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలంటుంది. చీర గార్డు అంటామే, అది. మంచి నిబంధనే, ప్రాణాలు కాపాడుతుంది. కానీ మన చీర గురించి ఎవరైనా ఆలోచించింది వెనక సీటు దగ్గరే. ముందు కూర్చుంటే ఏం కట్టుకోవాలన్నది మాత్రం ఊరంతా ఆలోచిస్తుంది. నేను పంజాబీ డ్రెస్ వేసుకున్నాను, చున్నీ ఇంట్లో పెట్టాను. దాని మీద వచ్చిన వ్యాఖ్యలు రాస్తే పత్రిక చాలదు.

"మగవాడి హుందాని మనం అనుకరించడం దేనికి?" అని మన మిత్రురాలే ఒకరు అన్నారు. ఆమెకి పుదుక్కోట్టై గుర్తు చేస్తాను. 1990ల మొదట్లో ఆ తమిళ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. ఆ అడ్డకడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే కావాలన్నవాళ్ళూ ఉన్నారు. అది అనుకరణా? అదే రోజుల్లో మన నెల్లూరు జిల్లాలో, 1992లో, అక్షరాలు సారా వ్యతిరేక పోరాటమయ్యాయి. ఆ పోరాటాన్ని తలుచుకుని గర్వపడని సభ మనకి లేదు. సైకిలు పాఠం మాత్రం మనం తెచ్చుకోలేదు. మన మహిళా శిక్షణ అంటే ఇప్పటికీ కుట్టు మిషను, ఊరగాయ పచ్చళ్ళు. కూర్చుని చేసే పనులన్నీ.

బస్సు ఉచితమయింది కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచీ వచ్చింది. కూలికెళ్ళే ఆడవాళ్ళ చేతిలో నాలుగు రూపాయలు మిగులుతున్నాయి, నేనూ ఎక్కుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి తోటలోకి వచ్చే బస్సు ఉచితంగానూ లేదు, డబ్బిచ్చినా లేదు. 2018లో హైదరాబాదు నుంచి జై భారతి మరో ముగ్గురు స్త్రీలతో కలిసి మోటారు సైకిళ్ళ మీద ఆరు దేశాలు తిరిగి వస్తే మనందరం ఫోటోలు పంచుకున్నాం. ఆ తర్వాత ఎవరి ఆఫీసులోనైనా ఒక్క బండి తాళం ఒక్క ఆడమనిషి చేతికి మారిందా?

మొన్న సమీక్షా సమావేశంలో కాగితం రాసిచ్చాను. ఫీల్డు పనికి తీసుకునే ప్రతి స్త్రీకీ సంస్థ ఖర్చుతో గేరు బండి నేర్పి లైసెన్సు ఇప్పించాలి, ఫీజు, హెల్మెట్టుతో సహా. ప్రకటనలో "నడపగలిగి ఉండాలి" బదులు "నేర్పబడును" అని మార్చాలి. మూడు బండ్లలో ఒకటి రాత్రిపూట ఎప్పుడూ స్త్రీ కార్యకర్త దగ్గరే ఉండాలి. "బడ్జెట్‌లో హెడ్ లేదండీ" అన్నారు. జెండర్ శిక్షణ భోజనాల హెడ్‌లోంచి తియ్యమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

నా లైసెన్సు పరీక్ష అయిపోయింది. రెండోసారికి కాలు నేలకి తగలకుండా ఎనిమిది వేశాను. ఈ ఆదివారం రన్‌వే దగ్గరికి మా సంఘం నుంచి మరో ఇద్దరు వస్తామన్నారు. పశువుల పాకలో కూర్చున్న ఆమె కూడా అడిగింది, చెయ్యి కట్టు విప్పాక వస్తానంది.