ఘాట్ ఎక్కని లెక్క

లారీ ఇంజను తిప్పే ఫ్యాను పీకేసి ఆ చోట కారు ఫ్యాన్లు రెండు బిగిస్తాం, మైలేజీ పెరుగుతుంది అంటూ వచ్చేవాణ్ణి షెడ్డు గేటు దాటనివ్వకండి. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపం వెనక ఒక మనిషి కాలిన చెయ్యి ఉంది, కాగితం మీద వేసి చూపగల లెక్క ఉంది. రెండూ చెబుతాను.

మాది సాలూరు. లారీల మీద బతికే ఊరు. విశాఖ నుంచి రాయపూర్ వైపు పోయే లారీలు పట్టే 26వ నంబరు జాతీయ రహదారి మా ఊరు దాటాక పి.కోనవలస దగ్గర కొండెక్కుతుంది. అక్కణ్ణుంచి ఒడిశాలోని సుంకి మీదుగా కోరాపుట్ వైపు మలుపు మీద మలుపు. లోడు బండి ఆ ఎత్తు మీద ఫస్టు, సెకండు గేర్లలో దాదాపు మనిషి నడకతో సాగుతుంది. ఇంజను మాత్రం రెండు వేల ఆర్‌పీఎం దగ్గర అరుస్తూనే ఉంటుంది.

ఆ దారిలో తిరిగే నా పది టైర్ల బండికి నేనే ఆ ఫ్యాన్లు వేయించాను. "ఈ పెద్ద ఫ్యాను నీ ఇంజను బలమంతా తినేస్తోందన్నా, తీసేస్తే లీటరుకి అర కిలోమీటరు ఎక్కువొస్తుంది" అన్నాడు బిగించినవాడు. నెలనెలా కిస్తీ కట్టే ఓనరుకి అర కిలోమీటరంటే ఎంతో అతనికి బాగా తెలుసు. మైదానంలో తిరిగిన రెండు నెలలూ ఏ గొడవా లేదు. మే నెలలో నిండు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయింది. డ్రైవరు బండి పక్కకి తీసి, దిగి ముందుకెళ్లి చూశాడు. ఫ్యాన్లు రెండూ తిరగడం లేదు. ఆయన చూస్తుండగానే రేడియేటర్ పై గొట్టం పగిలి మరుగుతున్న నీళ్లు ముంజేతి మీద చిమ్మాయి. బండికి సిలిండర్ హెడ్ వంగింది, గ్యాస్కెట్ పోయింది. డబ్బు పెడితే వాటికి కొత్తవి వచ్చాయి. ఆయన చేతి మీద మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.

రెండు ఫ్యాన్లూ ఒకేసారి ఎందుకు ఆగాయి? లారీది 24 వోల్టుల కరెంటు, కారు ఫ్యానుది 12 వోల్టులు. అందుకని రెంటినీ సిరీస్‌లో కలిపారు. ఒక మోటారులో కార్బన్ బ్రష్ అరిగిపోతే రెండోదానికీ కరెంటు తెగుతుంది. సీరియల్ బల్బుల దండలో ఒక బల్బు పోతే దండంతా ఆరిపోవడం లాంటిదే ఇది. ఇంకో పద్ధతి ఉంది, అది మరీ అన్యాయం. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగుతారు. అప్పుడు ఒక బ్యాటరీ చార్జి అందక నీరసిస్తుంది, రెండోది చార్జి ఎక్కువై ఉడుకుతుంది. కొన్నాళ్లకి రెండూ పోతాయి.

వైరింగ్ సరిగ్గా చేసుంటే బాగుండేదని నన్ను సముదాయించినవాళ్లున్నారు. బాగుండేది కాదు. ఆ ఫ్యాన్లు రెండూ నిక్షేపంగా తిరిగినా ఆ ఘాట్ ఎక్కించలేవు. లెక్క చూడండి.

180 హార్స్‌పవర్ ఇంజను అంటే సుమారు 134 కిలోవాట్లు. డీజిల్‌లో ఉన్న శక్తిలో 40 శాతం అటూ ఇటూ మాత్రమే బండిని లాగడానికి పనికొస్తుంది. పొగతో సైలెన్సరు గుండా పోయేది పోగా, పూర్తి బరువు లాగుతున్నప్పుడు రేడియేటర్ బయటికి నెట్టాల్సిన వేడి 70, 80 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. మన ఇంట్లో స్నానాల గీజరు 2 కిలోవాట్లు. అంటే ముప్పై అయిదు, నలభై గీజర్లు క్యాబిను కింద ఆగకుండా నీళ్లు కాస్తున్నట్టు. టర్బో బండికి రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ కూడా ఉంటుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. ఆ ఏసీ కండెన్సరు కూడా అక్కడే ఉంటే మూడు పొరల్లోంచి గాలి లాగాలి.

ఆ గాలి లాగే పెద్ద ఫ్యాను పూర్తి పట్టులో ఉన్నప్పుడు 10 కిలోవాట్ల ప్రాంతంలో బలం తీసుకుంటుంది. కారు ఫ్యాను ఒక్కోటి 250 వాట్లనుకుందాం. రెండూ కలిపి అర కిలోవాటు, అంటే పెద్ద ఫ్యానులో ఇరవయ్యో వంతు. ఏ ఫ్యానుకైనా ఒక ధర్మం ఉంది: గాలి రెట్టింపు కావాలంటే ఎనిమిదింతల బలం పెట్టాలి. వెనక్కి లెక్కేసుకుంటే, బలం ఇరవయ్యో వంతుకి పడిపోయినప్పుడు గాలి మూడో వంతు కంటే కొంచెం పైన మిగులుతుంది. నలభై గీజర్ల వేడికి మూడో వంతు గాలి! మే నెల ఎండలో ఈ లెక్క మీద డ్రైవరుని కొండెక్కించడం పాపం.

పోనీ, పెద్ద ఎలక్ట్రిక్ ఫ్యాన్లే పెడదామంటారు. కరెంటు ఎవడిస్తాడు? ఆల్టర్నేటర్ 28 వోల్టుల దగ్గర 60 ఆంపియర్లు ఇస్తే 1,680 వాట్లు. హెడ్‌లైట్లూ, బ్యాటరీ చార్జింగూ అన్నీ అందులోనే. 4 కిలోవాట్ల ఫ్యాన్లకే 140 ఆంపియర్లు దాటాలి. అంత పెద్ద ఆల్టర్నేటర్ తెచ్చినా దాన్ని తిప్పేది ఆ ఇంజనే, ఆ బెల్టే. బెల్టు ఇచ్చిన బలంలో 60 శాతం అటూ ఇటూ కరెంటుగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. ఫ్యాను మోటారులో ఇంకొంత పోతుంది. ఇంజను నుంచి నేరుగా తీసుకోవాల్సిన బలాన్ని ఇన్ని చేతులు మార్చి, ప్రతి చేతికీ కమీషన్ ఇచ్చి, దాన్ని పొదుపు అంటున్నారు.

"పెద్ద ఫ్యాను ఎప్పుడూ బలం తింటూనే ఉంటుంది" అన్న మాట వీళ్ల అబద్ధాలన్నిటికీ తల్లి. ఇప్పటి బండి ఫ్యాను నడిమధ్య గుండ్రటి అల్యూమినియం డబ్బా ఉంటుంది. అది విస్కస్ క్లచ్. దాని ముందు భాగంలో రెండు లోహాలు అతికించిన చిన్న స్ప్రింగు, లోపల సిలికాన్ ఆయిలు ఉంటాయి. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ స్ప్రింగు మెలి తిరిగి లోపల దారి తెరుస్తుంది. ఆయిలు నిండి ఫ్యానుని ఇంజనుతో కలిపి పట్టుకుంటుంది. చల్లబడ్డాక పట్టు వదిలేస్తుంది. మైదానంలో అరవై మీద పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఫ్యాను జారుతూ నిదానంగా తిరుగుతుంది. సగం వేగంతో తిరిగే ఫ్యానుకి ఎనిమిదో వంతు బలం చాలు. అంటే ఎలక్ట్రిక్ ఫ్యాను అమ్మేవాడు మిగులుస్తానన్న డీజిల్‌ని ఆ డబ్బా ముందే మిగిల్చి పెట్టింది. ఉన్న సొమ్మునే చూపించి మళ్లీ మనకి అమ్ముతున్నారు.

ఘాట్ మీద ఏం జరుగుతుందో కూడా ఆలోచించండి. బండి మెల్లగా పోతుంది కాబట్టి ఎదురుగాలి ఉండదు. ఇంజను మాత్రం అత్యధిక వేగంతో, అత్యధిక బరువుతో కష్టపడుతుంది. సరిగ్గా అప్పుడే ఇంజను తిప్పే ఫ్యాను కూడా అత్యధిక వేగంతో తిరుగుతుంది. కష్టం ఎంతుంటే గాలి అంత. ఫ్యాను అందుకున్నప్పుడు క్యాబిన్‌లోకి వినిపించే ఆ హోరు డ్రైవరుకి ధైర్యం. ఆ హోరు ఆపేసి నిశ్శబ్దం అమ్ముతున్నారు.

ఎలక్ట్రిక్ ఫ్యాను మీద నాకు పగ లేదు. ఇంజను అడ్డంగా కూర్చునే కారులో అదే సరైనది. అమెరికా సిటీ బస్సుల్లో కొన్నింటికి వెనక ఉన్న ఇంజనుకి హైడ్రాలిక్ మోటారుతో తిరిగే ఫ్యాను తీసేసి, బ్రష్‌లు లేని ఎలక్ట్రిక్ ఫ్యాన్లు వరసగా అమర్చారు. అయితే వాటికి తగ్గ భారీ ఆల్టర్నేటర్ పెట్టారు, వేడిని బట్టి వేగం మార్చే కంట్రోలర్ పెట్టారు, అంతా ఒకే డిజైన్‌గా చేశారు. ఎక్కడో విప్పిన కారు ఫ్యాను తెచ్చి, ప్లాస్టిక్ ట్యాగులతో రేడియేటర్ రెక్కలకి కట్టి, సన్నటి వైరు లాగినవాడు ఆ పని పేరు చెప్పుకోవడానికి తగడు.

బండి వేడెక్కుతోందా? ముందు చెయ్యాల్సిన పనులు చేయండి. విస్కస్ క్లచ్ వేడెక్కినప్పుడు పట్టుకుంటోందో లేదో చూడండి, ఆయిలు కారితే మార్చండి. ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ విరిగితే కొత్తది వేయండి. అది లేకపోతే ఫ్యాను వెనకటి వేడిగాలినే మళ్లీ లాగుతుంది. రేడియేటర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య పేరుకున్న మట్టి, ఊక కడిగించండి. బోరు నీళ్లు పొయ్యడం మానండి. వాటి ఉప్పు లోపల చెక్కు కడుతుంది. మెకానిక్ థర్మోస్టాట్ తీసిపారేసి ఉంటే తిరిగి పెట్టించండి.

ఇవన్నీ చేశాక కూడా ఎవడైనా వచ్చి ఫ్యాను మారుస్తానంటే మూడు సంగతులు కాగితం మీద రాయమనండి. ఫ్యాన్లు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటాయి? మన ఆల్టర్నేటర్ ఎన్ని ఇస్తుంది? ఒక ఫ్యాను ఆగితే రెండోది తిరుగుతుందా? రాసి సంతకం పెట్టినవాడికి నా బండి నేనే ఇస్తాను. ఒకటే షరతు. మే నెల మిట్టమధ్యాహ్నం, నిండు లోడుతో, పి.కోనవలస నుంచి సుంకి దాకా మా డ్రైవరు పక్కన అతనే కూర్చోవాలి. ముల్లు ఎరుపులోకి పోతే దిగి రేడియేటర్ ముందుకి వెళ్లేది కూడా అతనే కావాలి.