పాత కంప్యూటర్‌కు స్విచ్ వేసే ముందు

1984-85లో ‘క్లాస్’ పథకం కింద మన దేశంలోని కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ, అంతే. వాటి మీద నేర్చుకున్న తరానికి ఇప్పుడు అలాంటిదొకటి పాతసామాన్ల దుకాణంలో కనిపిస్తే కొనకుండా ఉండలేరు. ఇంటికి తేగానే స్విచ్ వేయాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి.

దాని పవర్ సప్లైలో, కరెంటు లైనులోకి విద్యుత్ రొద వెళ్లకుండా అడ్డుకునే కాగితపు కెపాసిటర్లు ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి తొడుగు బీటలువారి, గాలిలోని తేమ కాగితంలోకి దిగుతుంది. 230 వోల్టులు అందిన కాసేపటికే అవి పగిలి, గదంతా ఘాటైన పొగ నింపవచ్చు. వాటి స్థానంలో కొత్త ఫిల్మ్ కెపాసిటర్లు వేస్తే సరిపోతుంది.

ఒక్క భాగం మార్చినా అసలుతనం పోతుందనే సేకరణదారులున్నారు. వారి మమకారం అర్థమయ్యేదే గానీ, వాదన నిలవదు. ఆన్ చేయగానే బేసిక్ భాషతో పలకరించే యంత్రమది. బీరువాలో మూగగా కూర్చుంటే పిల్లలకు ఏం తెలుస్తుంది? పాత కెపాసిటర్లను చీటీ రాసి కవర్లో దాచుకుంటే చాలు.

అలాగని పని తెలియనివారు మూత విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా లోపల ఛార్జి నిలిచి ఉండవచ్చు. పాత టీవీలు బాగుచేసిన మెకానిక్ ఊళ్లో ఉంటే, ఆయన చేతికి ఇదేం కొత్త పని కాదు.