మన బొమ్మల కథ మనమే గీయాలి

మన గోడపత్రికలో కవితలు వస్తున్నాయి, సూక్తులు వస్తున్నాయి, పొడుపుకథలు వస్తున్నాయి. బొమ్మల కథ మాత్రం ఇంతవరకు ఒక్కటీ రాలేదు. అడిగితే కొందరు "మాకు బొమ్మలు రావు" అంటారు. ఇంకొందరు "అవి చిన్నపిల్లలకి, చదువు పాడవుతుంది" అంటారు. ఈ రెండు మాటలూ సరి కాదని నా అభిప్రాయం.

బొమ్మల కథ మనకి కొత్త కాదు. కోయవాళ్ళ వేల్పుల దగ్గర పడిగె అనే గుడ్డ ఉంటుంది. దాని మీద వంశం కథ బొమ్మలుగా ఉంటుంది. డోలీలు దాన్ని చూపిస్తూ కథ పాడతారు. చేర్యాల నకాషీ వాళ్ళు పొడుగాటి గుడ్డ మీద వరసగా బొమ్మలు వేస్తే, కథ చెప్పేవాళ్ళు విప్పుకుంటూ చెబుతారు. కామిక్కు అంటే కూడా అదే కదా. గుడ్డ బదులు కాగితం, పాట బదులు బుడగలో మాట.

మన గోదావరి వాళ్ళూ ఇందులో గొప్పవాళ్ళే. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారు గీసిన పంచతంత్రం 1960లలో ఇల్లస్ట్రేటెడ్ వీక్లీలో వచ్చింది. డుంబు బొమ్మ కూడా ఆయనదే. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగుకి బొమ్మలు వేశారు. బుడుగుని చూడండి, నాలుగు గీతలే. కానీ ఎక్కడ చూసినా వాడే అని తెలిసిపోతుంది.

అందరికన్నా నాకు నచ్చింది దుర్గాబాయి వ్యామ్ గారు. ఆమె మధ్యప్రదేశ్‌లో ప్రధాన్ గోండు ఆదివాసి. బడికి వెళ్ళి చదువుకోలేదు. ఆమె, ఆమె భర్త సుభాష్ వ్యామ్ గారు కలిసి అంబేద్కర్ గారి జీవితాన్ని 'భీమాయన' అనే బొమ్మల పుస్తకంగా గీశారు. అది 2011లో వచ్చింది. మనుషుల్ని గడుల్లో పెట్టి గీయడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. మంచి మాటల బుడగ పిట్టలాగ ఉంటుంది. కుట్టే మాటల బుడగకి తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకున్న మాటకి కన్ను ఉంటుంది. ఇవి ఏ డ్రాయింగు మాస్టారూ చెప్పినవి కావు, వాళ్ళు వాళ్ళ ఊళ్ళోంచి తెచ్చుకున్నవి. 2022లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది.

ఇక ఎలా గీయాలో చెబుతాను. ముందు కథని ఎనిమిది ముక్కలు చెయ్యాలి. ఉదాహరణకి ఇప్పపువ్వు కథ. ఒకటి, తెల్లారని అడవి, చెట్టు. రెండు, తట్ట పట్టుకుని అమ్మాయి. మూడు, పూలు ఏరుతోంది. నాలుగు, పొద కదిలింది. ఐదు, అమ్మాయి కళ్ళు మాత్రమే, పెద్దవిగా. ఆరు, ఎలుగుబంటి. ఏడు, అదీ పూలే తింటోంది. ఎనిమిది, అమ్మాయి మెల్లగా వెనక్కి పోయింది, తట్ట అక్కడే ఉంది. చూశారా, ఒక్క మాట లేకుండానే కథ అయిపోయింది.

గీసేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, మనిషికి ఒక గుర్తు పెట్టి ప్రతి గడిలోనూ అదే గీయాలి. రెండు జడలో, చిరిగిన సంచో ఏదైనా సరే. రెండోది, ముందు మాట రాసి, తరవాత దాని చుట్టూ బుడగ గీయాలి. ముందే బుడగ గీస్తే మాట పట్టదు. మూడోది, ముందు మాట్లాడేవాళ్ళని ఎడమ పక్కన పెట్టాలి, మనం ఎడమ నుంచే కదా చదువుతాం. నాలుగోది, బొమ్మలో కనబడేదే మళ్ళీ మాటల్లో రాయకూడదు. వాన గీశాక "వాన పడుతోంది" అని ఎందుకు? అంతా పెన్సిలుతో గీసి, సరిచూసుకుని, అప్పుడు పెన్నుతో దిద్దాలి.

చదువు పాడవుతుంది అనేవాళ్ళకి నా జవాబు ఇది. కథని ముక్కలు చెయ్యడం, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చూసుకోవడం కూడా చదువే. మా అమ్మకి అక్షరాలు రావు. నేను ఉత్తరం రాస్తే ఇంకొకరి చేత చదివించుకోవాలి. బొమ్మల కథ పంపితే తనే చదువుకుంటుంది. కొత్తగా చేరిన చిన్న చెల్లెళ్ళకి తెలుగు సరిగ్గా రాక మూల కూర్చుని ఏడుస్తారు. బొమ్మ కింద కోయ మాట, పక్కన తెలుగు మాట తెలుగు అక్షరాల్లోనే రాసిపెడితే వాళ్ళకి అది మొదటి వాచకం అవుతుంది. కోయ రాస్తే తెలుగు పోతుంది అనుకోవడం తప్పు. ఒక మెట్టు మీద నిలబడితేనే కదా రెండో మెట్టు ఎక్కుతాం.

ఇంకొకటి. సినిమాల్లో మనకి ఆకులు కట్టి, తలకి ఈకలు పెట్టి, మంట చుట్టూ గంతులు వేయిస్తారు. మా ఊళ్ళో ఎవరూ అలా లేరు. వాళ్ళని తిట్టి లాభం లేదు, ఉన్నది ఉన్నట్టు మనం గీసి చూపించాలి. పోలవరం ప్రాజెక్టు కోసం ఎన్నో ఆదివాసీ ఊళ్ళు ఖాళీ చేశారు. ఆ ఊళ్ళ పిల్లలకి ఇంకా గుర్తుంది, చింతచెట్టు ఏ పక్కన ఉండేదో, రేవు దారి ఎటు తిరిగేదో. మన కొవ్వూరు రేవులో చూసే గోదారి ఆ ఊళ్ళ మీదుగా వచ్చిందే. పెద్దయ్యాక గీద్దాం అనుకుంటే అప్పటికి మరిచిపోతాం. ఇప్పుడే గీయాలి.

వార్డెన్ మేడం గార్లకి నా మనవి. నెలకి ఒక చార్టు, రెండు నల్ల స్కెచ్ పెన్నులు ఇప్పించండి. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట ఇవ్వండి. చాలు. అక్కలూ చెల్లెళ్ళూ, ఎనిమిది గడులకి ఎనిమిది మంది కావాలి. వంకరగా వచ్చినా పరవాలేదు. వచ్చే నెల గోడ మీద ఈ చోటు ఖాళీగా ఉంచుతున్నాం. ఎవరి ఊరు ముందు వస్తుందో చూద్దాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని