అర పాయింటు విలువ

చదరంగంలో గెలుపు, ఓటములతో పాటు డ్రా అనే మూడో ఫలితం ఉంది. దానికి దక్కేది అర పాయింటు. పిల్లవాడు ఆ అర పాయింటుతో ఇంటికి వస్తే ‘గెలవలేదన్నమాట’ అని పెదవి విరిచే పెద్దలే ఎక్కువ. ఇది సరికాదు.

2025 జూలై 26న జార్జియా దేశంలోని బటుమి నగరంలో మహిళల ప్రపంచ కప్ చదరంగం తుదిపోరు మొదలైంది. ఒకరు కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, వయసు 38. మరొకరు నాగపూర్‌కు చెందిన దివ్య దేశ్‌ముఖ్, వయసు 19.

తొలి ఆటలో తెల్లపావులు దివ్యవి. ఆట ‘క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్’ అనే ఆరంభంతో సాగింది. ఇందులో మంత్రుల ముందరి బంట్లు రెండేసి గళ్లు నడిచి ఎదురెదురుగా నిలుస్తాయి. తెల్లవారు పక్క బంటును కూడా రెండు గళ్లు జరిపి ఎరగా పెడతారు. నల్లవారు దాన్ని చంపుతారు. అయితే ఆ లాభాన్ని ఎలాగైనా నిలుపుకోవాలని పాకులాడితే చిక్కులు తప్పవు. అవసరమైతే దాన్ని వదులుకుని, మిగిలిన బలగాన్ని కదిలించుకోవడమే కిటుకు.

ఆట మధ్యలో దివ్యదే పైచేయి అయింది. హంపి పట్టు వదలలేదు. 41 ఎత్తుల తర్వాత ఆట డ్రా అయింది. మరునాటి ఆట కూడా 34 ఎత్తుల్లో డ్రాగా ముగిసింది. 28న జరిగిన టైబ్రేక్‌లో దివ్య 1.5-0.5తో కప్పు గెలిచారు. ఆమె విజయం ముమ్మాటికీ అభినందనీయం. కాని తొలినాటి అర పాయింటే లేకపోతే హంపికి టైబ్రేక్ అవకాశమే ఉండేది కాదన్నది గమనార్హం.

అయిదారు ఎత్తులకే చేతులు కలిపేసుకునే డ్రా వేరు, కష్టంలో పడి గట్టెక్కిన డ్రా వేరు. ఆ తేడా తెలియాలంటే పిల్లలకు ఎత్తులు కాగితం మీద రాసుకునే అలవాటు చేయాలి. ఎక్కడ తప్పింది, ఎక్కడ నిలదొక్కుకున్నదీ ఆ కాగితమే చెబుతుంది. ఆరంభపు ఎత్తులను బట్టీ పట్టించడం కన్నా వాటి కారణం చెప్పడం మేలు.

చదరంగానికి మైదానం అక్కర లేదు. చల్లపల్లి, అవనిగడ్డ, మోపిదేవి ప్రాంతాల పాఠశాలల్లో నాలుగు బల్లలు, నాలుగు నోటు పుస్తకాలు, వారానికి ఒక గంట చాలు. ప్రధానోపాధ్యాయులు, గ్రామ పెద్దలు ఈ విషయమై శ్రద్ధ వహించాలి. తల్లిదండ్రులు కూడా ‘గెలిచావా?’ అనే ప్రశ్నతో ఆగక ‘ఎలా ఆడావు?’ అని అడగాలి.