సముద్రం మఫత్, షౌహర్‌కి ఫుర్సత్ లేదు

“జేబులో పైసల్లేవు భాయ్, బీవీని ఎక్కడికని తీసుకెళ్తాం?”

విశాఖపట్నంలో ఈ మాట లెక్కలేనన్ని సార్లు విన్నాను. తమాషా ఏమిటంటే, విన్న ప్రతిసారీ అన్నవాడి ముందు చాయ్ గ్లాసు ఉంది. టైము రాత్రి పదో, పదకొండో. చుట్టూ నలుగురు దోస్తులు. ఇంటి దగ్గర బీవీ అన్నం మీద మూత పెట్టి, పిల్లల్ని పడుకోబెట్టి, తలుపు చప్పుడు కోసం వింటూ ఉంటుంది.

సరే, హిసాబ్ చేద్దాం. చాయ్ 15 రూపాయలు అనుకోండి. రోజుకి నాలుగు తాగితే 60. నెలకి 1800. ఇందులో సిగరెట్లు కలపలేదు, ఉస్మానియా బిస్కెట్లు కలపలేదు, ‘ఈసారి బిల్లు నాది’ అని దోస్తుల దగ్గర షాన్ చూపించిన రోజులు అసలే కలపలేదు. ఆ 1800తో ఈ షహర్‌లో మియా-బీవీ నెలకి నాలుగుసార్లు హాయిగా తిరిగి రావచ్చు. నేను తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నాను. ఇది పైసల కొరత కాదు, బహానా. బీవీకి కూడా సాయంత్రం అనేదొకటి ఉంటుందని, దానిమీద ఆవిడకి హక్ ఉందని ఒప్పుకోలేక వెతుక్కున్న బహానా.

ఫిషింగ్ హార్బర్‌లో పొద్దస్తమానం ఐసు గడ్డలు మోసే మనిషి మీద నాకు కోపం లేదు. రోజు కిరాయికి ఆటో నడుపుకునే కుర్రాడి మీదా లేదు. అసలు వాళ్లే నయం. బాసీ ఈద్ రోజు ఆర్కే బీచ్‌కి వెళ్లి చూడండి. ఒక్కో ఆటోలోంచి ఎనిమిది మంది దిగుతారు. అత్తా కోడళ్లు, చంటిపిల్లలు, చాదర్, బిర్యానీ డేగ్చీ. గరీబోడు ఏడాదికి రెండుసార్లయినా ఇంటిల్లిపాదికీ సముద్రం చూపిస్తాడు. నా గుస్సా నెల జీతం వచ్చేవాడి మీద, దుకాణం ఉన్నవాడి మీద, ఇంటిముందు బండి ఉన్నవాడి మీద. సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో కాపురం పెట్టి, నికా అయిన పదిహేనేళ్లలో బీవీతో, ఒక్క బీవీతో, పిల్లల్లేకుండా, అమ్మీ లేకుండా, ఇసకలో అరగంట కూర్చోనివాడి మీద. మా మొహల్లాలో ఇలాంటివాళ్లని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలవు.

పేరుతో కూడా పేచీ ఉంది. ‘డేట్ నైట్’ అనగానే మావాళ్లు తౌబా తౌబా అని చెవులు పట్టుకుంటారు. అంగ్రేజీ బీమారీ అంటారు. ఆ మాట వద్దనుకుంటే వదిలేయండి, మనకి మాటలు తక్కువా? సైర్ ఉంది, తఫ్రీహ్ ఉంది, హవాఖోరీ ఉంది. తెలుగులో షికారు ఉంది. ఉర్దూ మీడియంలో చదువుకున్న రోజుల్లో నాకు షికార్ అంటే వేట, అంతే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక తెలిసింది, తెలుగువాళ్లు మన షికార్ చేతిలోంచి బందూకు లాగేసుకుని, కాళ్లకి చెప్పులు తొడిగి, చల్లగాలికి నడిపించారని. ఇంత మంచి మాట దగ్గర పెట్టుకుని ఆ పని మాత్రం చేయం.

రెండో బహానా పెద్ద హోటళ్లు నేర్పించింది. కొవ్వొత్తుల వెలుగు, బల్ల మీద గులాబీ రేకులు, పక్కన గిటారు వాయించే అబ్బాయి. ఆ ఒక్క భోజనం బిల్లుతో మామూలు ఇంట్లో రోజుల తరబడి కిరాణా గడుస్తుంది. ఉన్నవాళ్లు వెళ్లనీ, మాషాఅల్లా. కానీ అదొక్కటే అస్లీ మొహబ్బత్ అన్నట్టు ఫోన్లో రీల్ తర్వాత రీల్ చూపించేసరికి, మామూలు మనిషి ‘ఇది మనవల్ల కాదులే’ అనుకుని మళ్లీ చాయ్ హోటల్‌కే పోతాడు. ఆ రీల్స్ తీసేవాళ్లలో కొందరికి ఊరు కూడా తెలీదు. సముద్రంలో సూర్యుడు మునుగుతుంటే చూస్తూ డిన్నర్ చేయాలట! అరె బాబూ, విశాఖలో సముద్రం తూర్పున ఉంది. ఇక్కడ సూర్యుడు ఊరి వెనకాల, కొండల చాటున దిగుతాడు. నీళ్లలో మునిగే సూర్యుడు కావాలంటే గోవాకో ముంబైకో టికెట్ తీసుకోవాలి.

మన సముద్రం ఇచ్చేది వేరు. పొద్దున సూర్యుడు, రాత్రి చాంద్. రెండూ అందులోంచే లేస్తాయి. దీనికి తారీఖు చూసుకోవడం మనకే సులువు, ఎందుకంటే హిజ్రీ క్యాలెండర్ లేని ముసల్మాన్ ఇల్లు ఎక్కడుంది? అందులో 14 ఎక్కడుందో చూడండి. ఆ అటూఇటూ రోజుల్లో మగ్రిబ్‌కి కాస్త ముందో వెనకో నిండు చాంద్ నీళ్లలోంచి పైకొస్తుంది. మొదట రాగి డేగ్చీ మూతలా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ తెల్లబడి, మన కాళ్ల దగ్గర్నుంచి అంచు దాకా నీళ్లమీద వెండి దారి పరుస్తుంది. దీనికి ఏ హోటలూ బిల్లు వేయలేదు. చాలామంది 13, 14, 15 తారీఖుల్లో నఫిల్ రోజాలు ఉంటారు కదా. ఇద్దరూ రోజా ఉండి, నాలుగు ఖర్జూరాలు, నీళ్ల సీసా పట్టుకెళ్లి ఇసకలో ఇఫ్తార్ చేయండి. ఖర్జూరాన్ని కూడా ఇంగ్లీషులో డేటే అంటారు, ఆ హిసాబ్ కూడా తేలిపోతుంది. వానాకాలంలో మబ్బు పడితే మాత్రం నన్ను తిట్టొద్దు.

నాది డెస్కు ఉద్యోగం, సాయంత్రాలు ఆఫీసుకే పోతాయి. అందుకని మా షికారు ఫజ్ర్ తర్వాత. తెల్లవారుజామున కొంతసేపు ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్లదే. ఫ్లాస్కులో ఇంటి చాయ్, నాలుగు రస్కులు, అంతే ఖర్చు. ఇంట్లో చెప్పని మాటలు మా ఆవిడ అక్కడ చెబుతుంది. మూడు గదుల ఇంట్లో మాట అత్తగారికి వినిపిస్తుంది, పిల్లలకి వినిపిస్తుంది, పక్కింటి ఖాలాకి కూడా వినిపిస్తుంది. మా అమ్మాయిని ఇంటర్‌లో ఏ గ్రూపులో చేర్చాలన్నది మేం తేల్చుకున్నది కురుసురా సబ్‌మెరైన్ ఎదురుగా గట్టుమీద కూర్చునే.

సాయంత్రం ఖాళీ ఉన్నవాళ్లకి బస్సు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అంటే 900కె ఎక్కి భీమిలి దాకా వెళ్తే అయ్యేది మీ ఒక్కరి టికెట్టే! సర్కారు సగం ఖర్చు పెట్టుకుంటానంటే షౌహర్ సాబ్‌కి ఇంకా ఏం కావాలి? వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది, కిటికీ పక్క సీటు ఆవిడకివ్వండి. కైలాసగిరి కింద నుంచి, తెన్నేటి పార్కు, రుషికొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటుకుని పోయే దారి అది. ఆ ప్రయాణమే సగం షికారు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నిలబడండి. పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు చూడండి. అన్నిటికన్నా ముందు తిరుగు బస్సు టైము కనుక్కోండి, లేకపోతే ఆటో కిరాయి మొత్తం మజా పాడుచేస్తుంది.

కాస్త ఖర్చు పెట్టగలిగిన రోజు కురుసురా లోపలికే వెళ్లొచ్చు. 2001లో నేవీ డ్యూటీ దిగిన జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. లోపల ఒకరి వెనక ఒకరు వొంగి నడవాలి. ఆ ఇరుకు చూసి మా ఆవిడ ‘మన ఇల్లే నయం’ అంది. ఆ ఒక్క మాటకి టికెట్ డబ్బులు వసూలు. తర్వాత మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు. మోకాలి లోతు దాటి నీళ్లలోకి మాత్రం పోవద్దు, ఆర్కే బీచ్ అలలు ఎంతోమందిని తీసుకుపోయాయి.

పోర్టు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదనీ దర్గా. జుమేరాత్ రోజు మావాళ్లు దోస్తులతో వెళ్లి ఫాతిహా చదివి వస్తారు, బీవీ ఇంట్లోనే. అక్కడినుంచి చూస్తే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, కింద పోర్టులోకి వచ్చే ఓడలు. దర్గా అంటే మొహం చిట్లించే భాయ్‌లు ఫాతిహా చదవకండి, ఓడల్నే చూసి రండి. ఓడలకి మస్లక్ లేదు.

ఇప్పుడు దీన్ పేరు చెప్పి ఆపేవాళ్ల సంగతి. ‘షరీఫ్ ఘరానా ఆడవాళ్లు బీచ్‌లో తిరుగుతారా?’ అని ఒక బయాన్‌లో విన్నాను. బయాన్ చెప్పిన సాబ్‌కి సీరత్ నాకన్నా ఎక్కువ తెలుసు. తెలిసే దాస్తున్నారు, అదే నా షికాయత్. రసూలుల్లాహ్ (స) సఫర్‌లో కాఫిలాని ముందుకు పంపించి హజ్రత్ ఆయెషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆవిడ గెలిచారు. చాలాకాలం తర్వాత ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది బదులని నవ్వారు. మస్జిద్ ఆవరణలో హబ్షీలు బల్లేలతో ఆడుతుంటే, ఆవిడకి చాలనిపించేదాకా తన వెనక నిలబెట్టుకుని చూపించారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది షోర్బా సంగతి. ఇరాన్ నుంచి వచ్చిన పొరుగాయన ఒకరు షోర్బా బాగా వండేవారు. ఒకరోజు వండి, రసూలుల్లాహ్‌ని దావత్‌కి పిలవడానికొచ్చారు. ఆయన ఆయెషాని చూపించి ఈవిడ కూడానా అని అడిగారు. పొరుగాయన కాదన్నారు. అయితే నేనూ రానన్నారు. రెండోసారీ అంతే. మూడోసారి పొరుగాయన ఒప్పుకున్నాక ఇద్దరూ లేచి ఒకరి వెంట ఒకరు నడిచి వెళ్లారు.

మన దావతుల్లో ఈ ప్రశ్న అడిగే మగాడు ఎవడు? మటన్ దాల్చా మనం తిని, మిగిలింది పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చి, దానికే ‘నీకోసం తెచ్చా’ అని ఎహ్సాన్ చూపిస్తాం. ఈ సున్నత్ గురించి జుమ్మా ఖుత్బాలో ఎప్పుడూ వినబడదు. గడ్డం పొడవు గురించి మాత్రం ఏడాదికి పదిసార్లు వినబడుతుంది.

మొహల్లా దాటి బయటికొస్తే ఇంకో రకం చౌకీదార్లు. ఫిబ్రవరి 14 వస్తే జంటల్ని నిలదీయడం కొందరికి పండగ. మిగతా రోజుల్లో నిలదీయడానికి బుర్ఖా చాలు. బుర్ఖా పక్కన కూర్చున్న మగాడు వేరే మతం వాడేమో అని మనవాళ్లలో కొందరు ఫోన్ తీస్తారు. బుర్ఖా లేని అమ్మాయి పక్కన మనవాడు కూర్చుంటే అవతలివాళ్లు ఫోన్ తీస్తారు. ఇద్దరి పనీ ఒకటే, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు, మధ్యలో ఇల్లు చేరేది భయపడ్డ ఆడపిల్ల. ఒక సాయంత్రం గట్టుమీద కూర్చుని ఉంటే ఒకాయన వచ్చి ‘ఆవిడ మీకేమవుతుంది?’ అన్నాడు. నా పిల్లల తల్లి అన్నాను. అతను పోయాడు. ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని లేచి నిలబడింది. ఇరవై ఏళ్ల కాపురం తర్వాత కూడా ముసల్మాన్ తన బీవీతో గాలి పీల్చుకోవాలంటే నికానామా జిరాక్సు జేబులో పెట్టుకోవాలా? ఈ షహర్ సముద్రం ఎవరి జాగీరు?

కానీ బయటివాళ్లని తిట్టడం నాకు సులువు, మీకూ వినడానికి బాగుంటుంది. కాబట్టి మళ్లీ మన ఇంటికే వస్తాను. చాంద్ లేచే వేళా మగ్రిబ్ వేళా ఒకటే అన్నాను కదా. సరిగ్గా అప్పుడే ఆడవాళ్లు ‘పదండి, నమాజ్ పోతుంది’ అంటారు. మగాళ్లం ఏదో ఒక మస్జిద్‌లో దూరి చదివేసుకుంటాం. ఆవిడ ఎక్కడికెళ్లాలి? ఇసకలో జానమాజ్ పరుచుకోవచ్చు, దీన్‌లో రుకావట్ లేదు. కానీ ఈ జమానాలో నలుగురి మధ్య సజ్దా చేస్తే దాన్ని వీడియో తీసి రచ్చ చేసేవాళ్లున్నారు, ఏ షౌహర్ ధైర్యం చేస్తాడు? ఇక టాయిలెట్ సంగతి. బీచ్‌కి వచ్చేరోజు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు నాకు తెలుసు. ఇది ఒక్క ముసల్మాన్ ఆడవాళ్ల గోడు కాదు. గులాబీ రేకుల గురించి రీల్స్ తీసేవాళ్లెవరూ దీనిమీద ఒక్క రీల్ తీయరు.

టాయిలెట్లు కార్పొరేషన్‌ని అడగాలి, అడుగుదాం. మస్జిద్ మాత్రం మన చేతిలోనిది. మా మస్జిద్‌లో ఏసీలకి చందా దొరికింది, కొత్త కాలీన్‌కి దొరికింది. బయటినుంచి వచ్చిన ఆడవాళ్లు నమాజ్ చదువుకోవడానికి ఒక గది ఇవ్వమంటే జగహ్ లేదన్నారు. ఆ జగహ్‌లో ఇప్పుడు పాత ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు ఉన్నాయి, నేను చూశాను. కావాల్సింది ఒక గది, వుజూకి ఒక కుళాయి, తలుపుకి లోపలివైపు గడియ. కమిటీ సదర్ సాబ్‌కి వచ్చే జుమ్మా తర్వాత మళ్లీ అర్జీ ఇస్తున్నాను. పోయినసారి కింద సంతకాలన్నీ మగాళ్లవే. ఈసారి మీ ఇళ్లనుంచి ఆడవాళ్ల సంతకాలు పంపించండి, కాగితం తీసుకుని నేనే ఇంటింటికీ వస్తాను.