బిగించు బొందు, సడలించు బొందు



గత మాసమున మా చిన్నమ్మాయి రవిక బిగువైనది. ప్రక్కకుట్టు విప్పి, లోపల మడిచియుంచిన గుడ్డను వదలితిని. రవిక మరల తొడుగుకొన వీలైనది. బిడ్డ పెరుగునని యెరిగి కుట్టువాడే మంచి దర్జీ. ఈ సామాన్యధర్మము దేశాంతరమున నెట్టి వింతరూపము దాల్చినదో నేడు ముచ్చటించెదను.

విక్టోరియా రాణి కాలమున ఇంగ్లండు స్త్రీలు లంగాపై లంగా తొడిగి బరువు మోయుచుండిరి. 1856లో వెలువడిన ఉక్కుచట్రపు క్రినొలిన్ ఆ బరువును తగ్గించినది. కాని దాని వెడల్పు వలన పొయ్యి చెంత నిప్పంటుకొని పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1870 ప్రాంతమున ఆ విస్తారము వెనుకకు జరిగి, నడుము క్రింద ఎత్తుగా నిలుచు ‘బసిల్’ అయినది. దానిలోని ఉక్కుబద్దలను లోపలి బొందులతో బిగించినకొలది వంపు హెచ్చును, సడలించిన తగ్గును. గర్భవతులకై ప్రక్కల సడలించుకొను తాళ్లుగల కార్సెట్టులు సైతము ఉండెడివి.

ఈ పాతసొగసును మన కాలపు వస్త్రశిల్పులు కొందరు మరల చేపట్టిరి. ఇంగ్లండున వివియన్ వెస్ట్‌వుడ్ 1985లో క్రినొలిన్‌ను మోకాళ్ల పైకి కురుచ చేసినది. జపానుదేశీయుడగు యోజీ యమమోటో 1986లో నల్లని కోటు వెనుక ఎర్రని వలగుడ్డను కుచ్చులుగా పొంగించి, బసిల్‌ను తలపించెను. ఈతడు 1943లో టోక్యోలో జన్మించెను. తండ్రి యుద్ధమున గతింపగా, తల్లి కుట్టుపని చేసి కుమారునికి న్యాయశాస్త్రము చెప్పించినది. అతడు పట్టా పొందియు, ఆ వృత్తిని విడిచి సూదినే పట్టెను. వదులుగా నుండి ఒడలిని ఒత్తని దుస్తులకు అతడు పేరుగాంచెను.

ఇట్టి వస్త్రములను నేడు సేకర్తలు అధికమూల్యమిచ్చి కొని దాచుచున్నారు. ప్రదర్శనశాలలు బొమ్మలకు తొడిగి అద్దముల వెనుక నిలుపుచున్నవి. కళను కాపాడుట మంచిదే. కాని పెరుగుటయు తరుగుటయు లేని బొమ్మకు సడలించు బొందుతో పనియేమి?

నాకును ఒక దాచిన వస్త్రము కలదు. నా పెండ్లినాటి పట్టురవికను, మా అత్తగారు వలదన్నను వినక, లోపల మడత విడువకుండ బిగువుగా కుట్టించుకొంటిని. తొలికాన్పు పిదప అది నాకు పట్టలేదు. లోపము నా శరీరముదేయని చాలకాలము సిగ్గుపడి, ఎవరితోను చెప్పకుంటిని. ఉక్కుబద్దల కాలపు స్త్రీలే తమ కొరకు సడలించు తాళ్లు కుట్టించుకొనిరని తెలిసిన పిమ్మట నా సిగ్గు తీరినది. లోపము రవికదే గాని నాది గాదు.

అమ్మలారా! మీ కూతుండ్రకు రవికలు కుట్టించునపుడు ప్రక్కల నంగుళమేని మడత విడువుడు. వస్త్రము మనుష్యుని ననుసరింపవలెను గాని, మనుష్యుడు వస్త్రము ననుసరింపరాదని వారికి ఆ మడతయే బోధించును.